బోర్డు సరే... గ్రంథులు లెక్కపెట్టారా?

పెద్దపేగు క్యాన్సర్ అని తెలిస్తే ఏ ఆసుపత్రికి వెళ్లాలి? గోడమీద వేలాడే గుర్తింపు పత్రాన్ని నమ్ముకోవచ్చా? కొల్లాపూర్ లాంటి ఊరి నుంచి పట్నం బస్సెక్కే కుటుంబాలకు ఇది ప్రాణంతో ముడిపడిన ప్రశ్న.

కొల్లాపూర్ బస్టాండ్‌లో తెల్లవారుజామున పట్నం బస్సు ఎక్కేవాళ్లను కాసేపు గమనిస్తే చాలు... ఎవరు ఏ పనిమీద వెళుతున్నారో చేతిలో సంచే చెప్పేస్తుంది. మామిడిపళ్ల పెట్టె ఉంటే చుట్టాలింటికి. ట్రంకుపెట్టె ఉంటే హాస్టలుకి. పొడుగాటి ప్లాస్టిక్ కవరు, అందులో చుట్టచుట్టుకుపోయిన స్కానింగ్ ఫిల్ములు, మడతలుపడ్డ రక్తపరీక్ష కాగితాలు... ఇక చెప్పక్కర్లేదు, ఆసుపత్రి ప్రయాణం. హైదరాబాద్ ఇక్కడికి దాదాపు 180 కిలోమీటర్లు. బస్సులో నాలుగైదు గంటలు. కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఊరివాళ్లు కొందరు అటు పెబ్బేరు మీదుగా కర్నూలుకీ వెళతారు. ఎటు వెళ్లినా బస్సులో పక్కసీటు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ‘ఏ దవాఖాన?’

ఆ ప్రశ్నకు జవాబు సాధారణంగా మూడు రకాలుగా ఉంటుంది. ‘మా బావమరిది అక్కడే చూపిచ్చుకున్నడు’ అన్నది ఒకటి. ‘ఆరోగ్యశ్రీ ఉందట’ అన్నది రెండోది. ఈమధ్య మూడోది కూడా చేరింది. ‘పెద్ద సర్టిఫికెట్ ఉన్నదట ఆ దవాఖానకు!’

ఆ సర్టిఫికెట్ ఏమిటి? అది ఉంటే వైద్యం బాగుంటుందా? మామూలు జ్వరానికైతే ఈ చర్చ అనవసరం. కానీ కొన్ని జబ్బుల్లో మొదటి ఆపరేషన్ ఎలా జరిగింది, తీసిన ముక్కను ల్యాబ్‌లో ఎలా చూశారు, తరవాతి మందు ఎన్ని రోజుల్లో మొదలైంది అన్నదాన్ని బట్టే మనిషి బతకడం, బతకకపోవడం తేలుతుంది. పెద్దపేగు క్యాన్సర్ అలాంటిది.

మొలలే అనుకుంటే...

సోమశిల దారిలో ఏదో ఒక ఊరు. యాభై రెండేళ్ల రైతు. నాలుగెకరాల మామిడితోట. ఇది ఊహించుకున్న కుటుంబమే కానీ, ఇలాంటి కుటుంబం ఏ ఊళ్లో వెతికినా దొరుకుతుంది. మూణ్నెల్లుగా మలంలో రక్తం పడుతోంది. ఇంట్లో చెప్పడానికి సిగ్గు. ఊళ్లో ఆర్ఎంపీ మొలలన్నాడు, మందిచ్చాడు. ఆ మందు అయిపోయాక, రోడ్డు పక్క గోడమీద పెద్దక్షరాలతో ‘మొలలు, లూటీలు... ఆపరేషన్ లేకుండా’ అని రాసి ఉన్న చోటికీ వెళ్లొచ్చాడు. డిగ్రీ చదువుతున్న కొడుకు ఊరుకోలేదు.

‘నాయినా, ఇగ ఆ మొలల మందు బంద్ జెయ్. ఒకపారి పట్నం పోయి చూపిచ్చుకుందాం.’

‘ఏం గాదు బిడ్డా... వేడి చేసింది. తోట కోతలు అయినంక పోదాం తియ్.’

ఇక్కడే కాలం జారిపోతుంది. మలంలో రక్తం కనిపించిన వాళ్లందరికీ క్యాన్సర్ ఉండదు. చాలామందికి నిజంగానే మొలలే అయ్యుంటాయి. అయితే ఆ సంగతి గోడమీద రాతను బట్టి కాదు, పరీక్షచేసి తేల్చాలి.

మన పెద్దపేగు పొడవు దాదాపు ఐదడుగులు. దాని లోపలి పొరమీద పులిపిరిలాంటి చిన్న కండ పెరుగుతుంది. దాన్ని పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావు. కొన్ని రకాలు మాత్రం నెమ్మదిగా... చాలా నెమ్మదిగా, సుమారు పదేళ్లు తీసుకుని మారతాయి. ఇంత తీరిగ్గా వచ్చే క్యాన్సర్లు తక్కువ. అందుకే కొలనోస్కోపీ చేస్తూ పాలిప్‌ను అప్పుడే తీసేస్తే జబ్బు మొదలుకాకుండానే ఆపినట్టు.

లక్షణాలు పేగులో ఏ వైపు వచ్చిందన్నదాన్ని బట్టి మారతాయి. కుడివైపు పేగు వెడల్పు, అందులో మలం పలచగా ఉంటుంది. కాబట్టి గడ్డ పెరిగినా అడ్డం పడదు. లోలోపలే రక్తం కొద్దికొద్దిగా కారిపోతుంటుంది. కంటికి కనపడదు. మనిషి తెల్లగా పాలిపోతాడు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ‘రక్తం తక్కువుంది’ అని ఐరన్ మాత్రలు రాస్తారు. యాభై దాటిన మగవాడికి కారణం తెలియని రక్తహీనత ఉంటే పేగు చూడకుండా వదిలేయకూడదన్నది ఇక్కడి పాఠం. ఎడమవైపు కథ వేరు. అక్కడ పేగు సన్నం. కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలు, మలం సన్నగా రావడం, రక్తం. చివరికి ఒకరోజు పేగు పూర్తిగా మూసుకుపోయి కడుపు కుండలా ఉబ్బుతుంది. అప్పుడిక ఎంచుకునే తీరిక ఉండదు. రాత్రికి రాత్రి ఎక్కడ ఆపరేషన్ థియేటరు ఉంటే అక్కడ కోయించుకోవడమే.

ప్రపంచంలో 2022లో కొత్తగా 19 లక్షల మందికి పైగా పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్లు వచ్చాయి. 9 లక్షల మంది చనిపోయారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు వచ్చేవాళ్ల శాతం తక్కువే. వచ్చాక బతికేవాళ్ల శాతమూ తక్కువే... బాధ అక్కడే. 2018లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన అంతర్జాతీయ పోలికలో, 2010-14 మధ్య జబ్బు బయటపడినవాళ్లలో ఐదేళ్ల తరవాత బతికున్నవాళ్లు దక్షిణ కొరియాలో నూటికి 70 మందికి పైనే. మన దేశం నుంచి లెక్కలు పంపిన చోట్ల 40 మంది లోపే. ఆలస్యంగా రావడం ఇందుకు ఒక కారణం. వచ్చాక అందే వైద్యం ఒక్కోచోట ఒక్కోలా ఉండటం మరో కారణం. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు, రెండోదాని గురించే ఎవరూ అడగరు.

ఏ బోర్డుకి ఏం అర్థం?

పట్నంలో ఆసుపత్రి రిసెప్షన్‌లో అడుగుపెడితే గోడ నిండా ఫ్రేములు. అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి. నిజానికి వాటి మధ్య చాలా తేడా ఉంది.

జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్... అది ప్రతి ప్రైవేటు ఆసుపత్రికీ ఉండి తీరాల్సిందే. దుకాణానికి లైసెన్సు లాంటిది. ఐఎస్ఓ బోర్డు ఉంటే పని పద్ధతి ప్రకారం, కాగితం మీద రాసుకుని చేస్తున్నారని అర్థం. బిస్కెట్ల ఫ్యాక్టరీకీ అది ఉండొచ్చు. ఎన్‌ఏబీఎల్ అన్నది ల్యాబులకిచ్చే గుర్తింపు. క్యాన్సర్ విషయంలో దీనికి విలువెక్కువ. జబ్బు ఉందా లేదా, ఎంత ముదిరింది అని చెప్పేది ల్యాబే కదా!

ఆరోగ్యశ్రీ సంగతి కొల్లాపూర్ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2007 ఏప్రిల్ 1న ఈ పథకం మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం, శ్రీకాకుళంతో పాటు మహబూబ్‌నగర్ ఒకటి. కొల్లాపూర్ అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. 2016 అక్టోబరులో నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. అంటే ఆ కార్డుతో కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కిన మొట్టమొదటి వాళ్లలో ఈ ప్రాంతం జనమున్నారు. 2023 డిసెంబరులో తెలంగాణలో దీని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. క్యాన్సర్ ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ మూడూ పథకంలో ఉన్నాయి. ఇల్లు అమ్ముకోకుండా వైద్యం చేయించుకోగలగడం చిన్న విషయం కాదు. కాకపోతే ఆరోగ్యశ్రీ జాబితాలో ఆసుపత్రి ఉండటం అంటే ఆ పథకం కింద వైద్యం చేయడానికి ఒప్పందం ఉందని. నాణ్యతను లోతుగా తనిఖీ చేసి ఇచ్చే గుర్తింపు వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

ఆ గుర్తింపే ఎన్‌ఏబీహెచ్. భారత నాణ్యతా మండలి కింద పనిచేసే బోర్డు ఇస్తుంది. పది అధ్యాయాలు, 100 ప్రమాణాలు, వాటికింద ఆరొందలకు పైగా అంశాలు. పేషెంటు పేరు, చేతి పట్టీ సరిచూసుకున్నాకే మందు ఇస్తున్నారా? చేతులు కడుక్కుంటున్నారా? ఆపరేషన్ తరవాత ఎంతమందికి చీము పడుతోంది? మందు పొరపాట్లు జరిగితే రాసి పెడుతున్నారా, దాచేస్తున్నారా? ఇవన్నీ బయటినుంచి వచ్చిన వైద్యులు, నర్సులు రోజుల తరబడి తిరిగి చూస్తారు. గడువు తీరితే మళ్లీ తనిఖీ. ఇందులోనూ ప్రవేశస్థాయి గుర్తింపు వేరు, పూర్తిస్థాయి గుర్తింపు వేరు. ఫ్రేములో చిన్నక్షరాలు చదివితే ఆ ముక్క ఉంటుంది. ఎన్టీ రామారావు భార్య జ్ఞాపకార్థం వెలిసి, 2000 జూన్‌లో ప్రధాని వాజ్‌పేయి చేతుల మీదుగా మొదలైన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి లాంటివి ఈ గుర్తింపు తెచ్చుకున్నాయి. ప్రభుత్వాసుపత్రుల కోసం 2013లో జాతీయ నాణ్యతా ప్రమాణాలని విడిగా తెచ్చారు. పీహెచ్‌సీ మొదలుకొని జిల్లా ఆసుపత్రి దాకా వాటి ప్రకారం మార్కులు వేస్తారు.

ఇంతవరకూ బాగానే ఉంది. మన రైతు పేగు ఆపరేషన్ సరిగ్గా జరుగుతుందా అన్న ప్రశ్నకు ఇందులో జవాబు ఎక్కడుంది?

నూరేళ్లనాటి గొడవ

ఇదే ప్రశ్న నూరేళ్ల కిందట బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ అడిగాడు. అడిగినందుకు ఉన్న పేరంతా పోగొట్టుకున్నాడు.

ఆయన వాదన చాలా చిన్నది. ‘ఆపరేషన్ చేసిన ప్రతి పేషెంటూ ఏడాది తరవాత ఎలా ఉన్నాడో కనుక్కోవాలి. బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో రాయాలి. రాసినదాన్ని అందరికీ చూపించాలి.’ వినడానికి ఇందులో తప్పేముంది? కానీ తోటి డాక్టర్లకు ఒళ్లు మండింది. ఎంత సీనియర్ అన్నది తప్ప ఎంత బాగా చేస్తున్నాడన్నది పట్టని పద్ధతికి నిరసనగా ఆయన 1914లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కి రాజీనామా ఇచ్చాడు. ఏడాది తిరక్కుండానే డాక్టర్ల సభలో ఒక పెద్ద కార్టూను బయటపెట్టాడు. ఇసుకలో తల దూర్చిన నిప్పుకోడి, వెనకకాళ్లతో బంగారు గుడ్లను డాక్టర్లవైపు తన్నుతూ ఉంటుంది. ఆ నిప్పుకోడి ఎవరో అందరికీ అర్థమైంది... డబ్బిచ్చి ఏమీ అడగని బోస్టన్ సంపన్నులు! స్థానిక వైద్యసంఘంలో ఆయన పదవి ఊడింది.

ఊరికే ఇతరులను అనడం కాదు. సొంతంగా ఓ చిన్న ఆసుపత్రి పెట్టి, 1911 నుంచి 1916 దాకా ఇంటికి పంపిన 337 మంది పేషెంట్ల వివరాలు అచ్చువేశాడు. అందులో 123 పొరపాట్లు జరిగాయని తనే రాసుకున్నాడు. ఇవాళ అలా రాసే ఆసుపత్రి ఎక్కడైనా ఉందా? ఉంటే కనక దాని ముందు క్యూ కట్టాలి.

ఆయన ఆలోచనను 1913లో పుట్టిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ కొంత అందుకుంది. ‘కనీస ప్రమాణాలు’ అని ఒక పేజీ తయారుచేసి, వంద పడకలు దాటిన 692 ఆసుపత్రులను తనిఖీ చేయించింది. నెగ్గినవి ఎన్నో తెలుసా? 89. మిగతావాటిలో దేశంలోకెల్లా పేరుమోసిన ఆసుపత్రులున్నాయి. 1919 అక్టోబరులో న్యూయార్క్‌లో వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో సమావేశం. నెగ్గినవాటి సంఖ్య చెప్పారు కానీ, పేర్ల జాబితా మాత్రం పత్రికల వాళ్ల చేతుల్లో పడకూడదని అర్ధరాత్రి ఆ హోటల్ కొలిమిలోనే కాల్చేశారు. ఆసుపత్రుల గుర్తింపు అన్న వ్యవస్థ ఆ బూడిదలోంచే లేచింది. 1951లో ఏర్పడిన జాయింట్ కమిషన్, దాని అంతర్జాతీయ శాఖ జేసీఐ, మన ఎన్‌ఏబీహెచ్... అన్నీ ఆ ఒక్క పేజీకి మనవలు, మునిమనవలు.

అయితే కాడ్‌మన్ కోరింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. ఆయన ‘ఫలితం చూపించండి’ అన్నాడు. వ్యవస్థ ‘ఏర్పాట్లు చూపించండి’ దగ్గర ఎక్కువకాలం ఆగిపోయింది.

పన్నెండు... ఆ ఒక్క అంకె

పెద్దపేగు క్యాన్సర్‌కి వస్తే ఏర్పాట్లకీ ఫలితానికీ మధ్య ఒక చక్కటి కొలత ఉంది. పన్నెండు.

పేగును అంటిపెట్టుకుని ఒక కొవ్వు పొర ఉంటుంది. రక్తనాళాల వెంట ఆ కొవ్వులో కందిగింజలంత, కొన్ని ఆవగింజలంత లింఫు గ్రంథులు దాక్కుని ఉంటాయి. క్యాన్సర్ పేగుగోడ దాటి బయటికి పాకితే ముందుగా చేరేది వీటిలోకే. అందుకని సర్జన్ గడ్డను మాత్రమే కోసి తీయకూడదు. దానికి అటూ ఇటూ ఆరోగ్యంగా ఉన్న పేగునీ, ఆ కొవ్వు పొరనీ రక్తనాళం మొదలు దాకా కలిపి తీయాలి. తీశాక ల్యాబ్‌లో పాథాలజిస్టు ఆ కొవ్వును వేళ్లతో నలుపుతూ ఒక్కో గ్రంథినీ వెతికి మైక్రోస్కోపు కింద చూడాలి. ఓపిక కావాల్సిన పని. కనీసం పన్నెండు గ్రంథులు చూడాలని 1990 నుంచి నిపుణులు చెబుతున్నారు.

ఎందుకంత పట్టుదల? గ్రంథుల్లో క్యాన్సర్ లేకపోతే రెండో దశ. ఒక్కదాంట్లో ఉన్నా మూడో దశ. రెండో దశలో చాలామందికి ఆపరేషన్‌తో సరిపోతుంది. మూడో దశలో మాత్రం తరవాత కీమోథెరపీ ఇవ్వాలి. ఇస్తే చనిపోయే ముప్పు దాదాపు మూడోవంతు తగ్గుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. ల్యాబ్‌లో ఐదే గ్రంథులు చూసి ‘ఐదింట్లోనూ ఏమీ లేదు’ అని రాశారనుకుందాం. కుటుంబం కొబ్బరికాయ కొట్టి ఇంటికొస్తుంది. చూడకుండా వదిలేసిన ఆరోదాంట్లో ఉంటే? కీమో అందదు. రెండేళ్ల తరవాత కాలేయంలో గడ్డ బయటపడుతుంది. ఎవరికీ ఎక్కడ తప్పు జరిగిందో కూడా తెలీదు. ‘రాత’ అనుకుంటారు.

అమెరికాలో క్యాన్సర్ ఆసుపత్రులకు విడిగా గుర్తింపునిచ్చే కమిషన్ ఆన్ క్యాన్సర్ 1922 నుంచే ఉంది. దాని డేటా బ్యాంకుకు వివరాలు పంపే 1296 ఆసుపత్రుల మీద 2008లో ఒక అధ్యయనం అచ్చయింది. కనీసం 75 శాతం పేషెంట్లలో పన్నెండు గ్రంథులు చూస్తే నెగ్గినట్టు. 1996-97లో నెగ్గిన ఆసుపత్రులు 15 శాతం. 2004-05 నాటికీ 38 శాతమే. పెద్ద జాతీయ క్యాన్సర్ కేంద్రాల్లో దాదాపు 78 శాతం నెగ్గాయి. ఊళ్లలో ఉండే మామూలు ఆసుపత్రుల్లో 34 శాతం. డబ్బుకీ యంత్రాలకీ కొదవలేని దేశంలో, లెక్కలు పంపుతున్న ఆసుపత్రుల్లోనే పరిస్థితి అది! కొలవడం, కొలిచింది ఎవరి మార్కులు వాళ్లకు చూపించడం ముమ్మరమయ్యాక ఆ శాతాలు పెరిగాయి. అదే కమిషన్ పెట్టిన మరో కొలత... మూడో దశ అని తేలిన, 80 ఏళ్లలోపు పేషెంట్లకు జబ్బు బయటపడిన నాలుగు నెలల్లోపు కీమో మొదలవ్వాలి.

కొలనోస్కోపీకీ ఇలాంటి కొలతలున్నాయి. గొట్టం పేగు మొదలు దాకా, అంటే కుడివైపు సీకం దాకా వెళ్లిందా? వెనక్కి తీసేటప్పుడు కనీసం ఆరు నిమిషాలు ఆగి ఆగి చూశారా? హడావిడిగా లాగేసే డాక్టర్లకు పాలిప్‌లు తక్కువ కనిపిస్తున్నాయని 2006లోనే తేలింది. పేగు శుభ్రంగా లేకపోతే ఎంత ఆగినా లాభం లేదు. ముందురోజు రాత్రి తాగమన్న మందు సగం తాగి పారబోసేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

అయితే సర్టిఫికెట్ దండగా?

అలా అనుకుంటే అదీ పొరపాటే. పేగు ఆపరేషన్‌లో భయపడాల్సింది క్యాన్సర్ గురించి ఒక్కటే కాదు. కుట్టిన పేగు అతుకు విడిపోయి కడుపులో చీము చేరడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, మత్తులో పొరపాట్లు... వీటివల్లా మనుషులు పోతారు. వీటిని ఆపేది పద్ధతిగా పనిచేసే బృందం. 2008లో ప్రపంచ ఆరోగ్యసంస్థ 19 అంశాలతో ఒక ఆపరేషన్ చెక్‌లిస్టు తయారుచేసింది. ‘ఇతనే ఆ పేషెంటా? ఇదే ఆ ఆపరేషనా? యాంటీబయాటిక్ పడిందా? దూది లెక్క సరిపోయిందా?’ అంతే. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూస్తే ఆపరేషన్ తరవాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ఇలాంటివి అలవాటుగా జరుగుతాయని ఆశించవచ్చు. కాబట్టి రెండు ఆసుపత్రులూ అన్నింటా సమానంగా ఉంటే పూర్తిస్థాయి గుర్తింపు ఉన్నదాన్నే ఎంచుకోవాలి. అందులో అనుమానం లేదు.

ఇబ్బంది ఎక్కడంటే... ఏ ఆసుపత్రికి గుర్తింపు ఉందో ఎన్‌ఏబీహెచ్ వెబ్‌సైట్‌లో రైతు కొడుకు తన ఫోన్‌లోనే చూసుకోగలడు. అదే ఆసుపత్రిలో కిందటేడు ఎన్ని పేగు క్యాన్సర్ ఆపరేషన్లయ్యాయి, ఎంతమందికి పన్నెండు గ్రంథులు చూశారు, ఎంతమందికి సమయానికి కీమో మొదలైంది అన్నవి ఆ జాబితాలో ఉండవు. అవి అడిగి తెలుసుకోవాల్సిందే. అడిగితే డాక్టరు కోప్పడతాడేమోనని భయం. నిజానికి ఈ పనే రోజూ చేసే డాక్టర్లకు ఆ ప్రశ్నలు కొత్తవి కావు.

ఆపరేషన్‌కి ముందే అడగాల్సింది... ‘ఈ కేసును ట్యూమర్ బోర్డులో పెట్టారా?’ సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్, పాథాలజిస్టు, స్కానింగ్ డాక్టర్ కలిసి కూర్చుని నిర్ణయం తీసుకోవడాన్నే ట్యూమర్ బోర్డు అంటారు. మరీ ముఖ్యంగా గడ్డ పురీషనాళంలో ఉంటే ముందు రేడియేషన్, తరవాత ఆపరేషన్ అవసరం కావచ్చు. అక్కడ తొందరపడి ముందే కోసేస్తే సరిదిద్దలేని తప్పవుతుంది. బయాప్సీ, సీటీ స్కాన్, సీఈఏ రక్తపరీక్ష ఆపరేషన్‌కి ముందే అయ్యాయా అన్నది ఇంకోటి. పొట్టమీద సంచి పెట్టాల్సి వస్తుందా, వస్తే కొన్నాళ్లకా, జీవితాంతమా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. సంచి శుభ్రం చేసుకోవడం ఇంట్లో ఎవరికైనా నేర్పించకుండా పంపేస్తే ఊళ్లో ఆ మనిషి పెళ్లికీ పేరంటానికీ వెళ్లలేక ఇంటికే అంకితమైపోతాడు. ఇవన్నీ నాణ్యతలో భాగమే. ఏ ఫ్రేములోనూ కనిపించవు, అంతే!

నూట ఎనభై కిలోమీటర్ల కీమో

కొల్లాపూర్ లాంటి ఊరికి ఇంకో చిక్కుంది. ఆపరేషన్ ఒక్కరోజు పని. కీమో మూణ్నెల్లు, కొందరికి ఆర్నెల్లు. రెండు, మూడు వారాలకోసారి పట్నం. బస్సు ఛార్జీలు, తోడుగా వచ్చేవాళ్ల కూలి, రాత్రి ఉండటానికి చోటు... ఆరోగ్యశ్రీ వైద్యానికి కడుతుంది కానీ వీటన్నిటికీ కాదు. మొదటి రెండు కోర్సులయ్యాక ‘బాగానే ఉన్న కదా’ అని మానేసేవాళ్లు అందుకే ఉంటారు. ఆపరేషన్ బాగా జరిగినా ఫలితం చేజారేది ఇక్కడే. ఈ మందుల్లో ఒకటైన ఆక్సాలిప్లాటిన్ పడినప్పుడు చల్లనివి తగిలితే వేళ్లు, గొంతు తిమ్మిరెక్కి జివ్వుమంటాయి. ఎండాకాలంలో పాలమూరు ఎండలకు ఫ్రిజ్ నీళ్లు తాగొద్దంటే ఎంత కష్టమో! అది ముందే చెబితే పేషెంటు భయపడి మందు మానేయడు. దానికి తోడుగా ఇచ్చే కెపసిటబిన్ మాత్రలను ఇంట్లోనే వేసుకోవచ్చు.

దూరం తగ్గించే ప్రయత్నాలు లేకపోలేదు. నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. జిల్లా ఆసుపత్రుల్లో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. పొద్దున వెళ్లి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరే పద్ధతి అది. పట్నంలో పేదవాడికి పెద్దదిక్కు మాత్రం ఇప్పటికీ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రే. 1955లో మెహదీ నవాజ్ జంగ్ చొరవతో మొదలైంది. టాటా మెమోరియల్ ముందుండి 2012లో ఏర్పాటుచేసిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ దేశంలోని వందలాది ఆసుపత్రులను కలుపుతోంది. ఏ దశలో ఏ వైద్యం చేయాలో అది అచ్చువేసిన మార్గదర్శకాలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

ఒక మాట. తండ్రికి ఈ జబ్బు వచ్చిందంటే కొడుక్కీ, కూతురికీ ముప్పు పెరిగినట్టే. వాళ్లు నలభై ఏళ్లకు, లేదా తండ్రికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్లు ముందు... ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. మన దేశంలో ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వం చేసే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే. పేగు అందులో లేదు. ఎవరి జాగ్రత్త వాళ్లదే.

మన రైతు సంగతికొస్తే... కోతలయ్యేదాకా ఆగలేదనే అనుకుందాం. పట్నం వెళ్లాడు. ఎడమవైపు పేగులో గడ్డ. ఆపరేషన్ అయింది. పదిరోజులకు కుట్లు విప్పించుకోవడానికి వెళ్లినప్పుడు కౌంటర్లో పాథాలజీ రిపోర్టు ఇచ్చారు. రెండు పేజీల ఇంగ్లిషు. కొడుకు వేలు పెట్టి ఒక్కో వరుసే చదువుతూ వెళితే గ్రంథుల దగ్గర రెండు అంకెలుంటాయి. మొత్తం ఎన్ని చూశారు, వాటిలో ఎన్నింట్లో క్యాన్సర్ ఉంది. మొదటి అంకె పన్నెండో, అంతకన్నా ఎక్కువో ఉంటే సరే. ఏ ఆరో, ఏడో ఉందనుకోండి. అయిపోయిందని కూర్చోనక్కర్లేదు. తీసిన పేగుముక్కను ల్యాబ్‌లు వెంటనే పారేయవు, కొన్ని వారాలు ఫార్మలిన్‌లో ఉంచుతాయి. సర్జన్ అడిగితే పాథాలజిస్టు ఆ కొవ్వును మళ్లీ నలిపి వెతకొచ్చు. ఇంకొన్ని గ్రంథులు దొరకొచ్చు. ముక్క పారేశాక మాత్రం ఆ అవకాశం పోతుంది. మైనంలో పోసి దాచిన బ్లాకులు, స్లైడ్లు ఎక్కువకాలం ఉంటాయి కాబట్టి వేరే ఆసుపత్రిలో చూపించుకోవాలంటే వాటిని అడిగి తీసుకోవచ్చు. కాకపోతే చూడని గ్రంథులు ఆ బ్లాకుల్లో ఉండవు.

కాబట్టి ఆ కవరును సంచిలో పెట్టి కొల్లాపూర్ బస్సు ఎక్కే ముందే, కౌంటరు దగ్గరే నిలబడి ఆ అంకె చదవాలి.